నోనీ కంపు

చేపల వాసనంటే నాకు అసహ్యం లేదు. ఈ మాట ముందే చెప్పుకోకపోతే ఈవిడ ముక్కు మరీ సుకుమారం కాబోలు అనుకుంటారు. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చాడు. నేను పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టాను, ఎండుచేపలు ఆరేసిన పెరట్లో ఆడుకుంటూ పెరిగాను, చేపలు పట్టే ఇంటికే కోడలిగా వెళ్ళాను. పాచిపోయిన రొయ్యల పొట్టు ఎత్తి పారబోసి, చెయ్యి కడుక్కుని, వెంటనే కూర్చుని అన్నం తినగలను. అలాంటి నాకు రోత అంటే ఏమిటో ఒక గాజు సీసా నేర్పింది.

ఆ సీసాను మా వదిన, అంటే మా ఆయన అక్క, సిప్పీఘాట్ నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. వాళ్ళ పెరట్లో నోనీ చెట్టు ఉంది. నోనీ కాయ చూడటానికి ఒళ్ళంతా కళ్ళున్న బంగాళాదుంపలా ఉంటుంది. పచ్చిగా ఉన్నంతకాలం బుద్ధిగానే ఉంటుంది. పండితే పాలిపోయి, మెత్తబడి, వేలు పెడితే లోపలికి దిగిపోతుంది. ఆ పళ్ళను సీసాలో కుక్కి, మూత బిగించి, వారాల తరబడి ఎండలో పెడతారు. అడుగున నల్లటి నీరు దిగుతుంది. ఆ నీరే మందు. దాన్నే చిన్న బాటిళ్ళలో పోసి, ఆకు బొమ్మ ఉన్న కాగితం అంటించి బజారులో టూరిస్టులకు కూడా అమ్ముతారు. షుగరుకి అదే, కీళ్ళనొప్పులకి అదే, జుట్టు ఊడితే అదే.

వదిన మా వంటింట్లో మూత తీసింది. ఎండలో మరిచిపోయిన పెరుగు గిన్నె, పసిపిల్ల కక్కిన పాలు, వానాకాలమంతా తడి బూట్లలో ఉన్న పాదాలు, అన్నీ కలిసి ఒక్కసారి ముక్కులోకి ఎక్కాయి. నేను కిటికీ దగ్గరికి పరిగెత్తాను.

“ఎక్కడికే? ముక్కు మూసుకుని గుటకెయ్యి,” అంది వదిన. “నీ గుండెదడకి ఇదే మందు. నేచురల్. సైడ్ ఎఫెక్టు ఏటీ నేదు.”

సైడ్ ఎఫెక్టు లేదట. తాగినవాళ్ళ పక్కన కూర్చోవలసిన వాళ్ళ మాటేమిటో ఎవరూ చెప్పరు.

గుండెదడ సంగతి చెప్పాలి. డెలానీపూర్‌లో ఒక ఆఫీసులో నేను క్లర్కుని. ఒక పొద్దున్న కాగితాల మీద స్టాంపు వేస్తూ ఉండగా, ఏ కారణమూ లేకుండా గుండె గొంతులోకి వచ్చేసింది. వేళ్ళు చల్లబడ్డాయి. ఊపిరి సగంలో ఆగిపోతోంది. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. కుర్చీలోంచి జారి, స్టాంపు ప్యాడ్ మీద చెయ్యి పడి, ఊదారంగు అరచేతితో నేల మీద కూర్చుండిపోయాను. ఆస్పత్రిలో గుండెకి అన్ని పరీక్షలూ చేశారు. గుండె భేషుగ్గా ఉంది.

“ఇది యాంగ్జయిటీ అమ్మా,” అంది డాక్టరమ్మ. మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన చిన్నమ్మాయి, తెలుగు బాగానే వచ్చు. “టీ తగ్గించండి, రోజూ నడవండి, వేళకి పడుకోండి, ఊపిరి నెమ్మదిగా తీసి వదలడం నేర్చుకోండి. తగ్గకపోతే మళ్ళీ రండి. మాట్లాడేవాళ్ళున్నారు, మందులూ ఉన్నాయి.” తరవాత పెన్ను పక్కన పెట్టి అడిగింది. “మీకు దేని గురించి భయం?”

వదిన నా పక్కనే నిలబడి ఉంది.

“ఏమీ లేదు మేడమ్,” అన్నాను.

ఇక ఆ రోజు నుంచి ఊరంతా వైద్యులే. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, నా కంటే లోకువైన మనిషి ఆ ఏడాది పోర్ట్ బ్లెయిర్‌లో లేదు. ఆఫీసులో క్యాంటీన్ అబ్బాయి, బస్టాండులో ఆటో భయ్యా, కూరగాయల దుకాణంలో ఆవిడ, అందరిదీ ఒకటే మంత్రం. “టెన్షన్ మత్ లో, దీదీ.” టెన్షన్ తీసుకోకు అట. నేనేదో దుకాణానికి వెళ్ళి అరకిలో తూయించుకుని తెచ్చుకున్నట్టు!

టీ మానేశాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, దడకి తోడు తలనొప్పి పట్టుకుంది. టీ బదులు నిమ్మగడ్డి నీళ్ళు తాగమన్నారు. నేల తుడిచే నీళ్ళు తాగుతున్నట్టే ఉండేది. తల మీద కొబ్బరినూనె పట్టించి గంటసేపు కదలకుండా కూర్చోమన్నారు. కూర్చున్నాను. నూనె చెవుల్లోకి కారింది, దడ ఎక్కడికీ పోలేదు. పొద్దున్నే మంచు గడ్డి మీద చెప్పులు లేకుండా నడిస్తే భూమి మన ఒంట్లోని భయాన్ని లాగేసుకుంటుందని ఫోన్‌లో ఎవరో చెప్పిన వీడియో మా వదిన నాకు చూపించింది. మాది ఆస్టినాబాద్‌లో కొండ వాలు మీది ఇల్లు. ఆ వానల్లో ఇంటి వెనక గడ్డిలో నడిచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే కాలివేళ్ళ మధ్య నల్లగా, మెత్తగా, బాగా బలిసిన జలగ. భూమి సంగతి తెలియదు గాని, అది మాత్రం లాగవలసినంతా లాగేసుకుంది. ఉప్పు చల్లి ఊడదీసేసరికి దాని నోట్లోంచి నా రక్తం బొట్టు బొట్టుగా బండ మీద పడింది. నేచురల్ అనే మాట వింటే ఇప్పటికీ నాకు ఆ జలగే గుర్తొస్తుంది.

నడక మంచిదే, అబద్ధం చెప్పను. ఆఫీసు నుంచి కొంత దూరం నడిచి బస్సెక్కడం మొదలుపెట్టాక ఒళ్ళు కాస్త తేలికపడింది. ఊపిరి పాఠం కూడా పనికొచ్చేదే, ఆ పాఠం చెప్పినాయన నోరు తెరవకుండా ఉంటే.

అతను తెల్లబట్టల మనిషి, గొంతు మాత్రం తేనె. ఆఫీసు వాళ్ళ కోసం ఒక హాలులో పొద్దున్నపూట క్లాసు పెట్టారు. అందరినీ వెల్లకిలా పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమని, ఫోన్‌ను స్పీకరుకి తగిలించాడు. అలల చప్పుడు. ఒడ్డుకొచ్చి విరిగి, వెనక్కి పోయి, మళ్ళీ వచ్చే అలలు.

“సోచియే, ఆప్ సముందర్ కే కినారే హై,” అన్నాడు. సముద్రం ఒడ్డున ఉన్నామని ఊహించుకోవాలట. హాలు కిటికీ తెరిస్తే సముద్రమే. ఈ ఊళ్ళో ఏ కిటికీ తెరిచినా సముద్రమే. దాన్ని మూసేసి, ఫోన్‌లో సముద్రం పెట్టి, దాని పక్కన ఉన్నామనుకుంటే ప్రశాంతంగా ఉంటుందని ఈయన మాకు నేర్పుతున్నాడు.

మూడో అలకో నాలుగో అలకో నా గుండె మళ్ళీ గొంతులోకి వచ్చింది. లేచి కూర్చుని రొప్పడం మొదలుపెట్టాను. ఆయన నా దగ్గరికి వచ్చి, చల్లగా నవ్వి, లోపలి చెడంతా బయటికి పోతోంది, పోనీయండి అన్నాడు. ఆ నవ్వు మీద నోనీ సీసా బోర్లించాలనిపించింది. చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వచ్చేశాను.

సముద్రమంటే నాకు ఎందుకంత భయమో ఆయన అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదు. మా ఇళ్ళల్లో చెప్పకూడదు.

బయలుదేరే మనిషిని ఎక్కడికి అని అడగకూడదన్నది చాలా తెలుగిళ్ళలో ఉన్నదే. అవసరమైతే ఎంతదూరం అంటారు. వేటకెళ్ళే ఇళ్ళలో, అంటే సముద్రం మీద చేపలు పట్టే మా ఇళ్ళలో, ఎంతదూరం కూడా లేదు. మగవాడు పెట్రోలు డబ్బా, అన్నం క్యారేజీ పట్టుకుని “వస్తా” అంటాడు. ఆడది తల ఊపుతుంది. అంతే. పొరపాటున ఎవరైనా ఎక్కడికి అన్నారా, అతను వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. ఆ రోజు వేట పాడైనట్టే లెక్క. మా అత్తగారు బతికున్న రోజుల్లో నాకు మొదట నేర్పింది వంట కాదు, ఇదే. “నోటంట వొచ్చిందంటే సేప ఇనేస్తాది,” అనేది. చేపే కాదు, పక్కవాళ్ళూ వింటారు. చేప ఎక్కడ పడుతోందో తెలిస్తే రేపు అందరి డింగీలూ, అంటే చిన్న ఇంజను పడవలన్నీ, అక్కడే ఉంటాయి. అందుకని తల్లికీ చెప్పరు, పెళ్ళానికీ చెప్పరు. కొంత దూరం దాటాక ఫోన్లు ఎలాగూ పలకవు.

ఇన్నేళ్ళూ నేనూ తల ఊపినదాన్నే. ఆ తల ఊపడంలో ఏదో గొప్ప ఉందని కూడా అనుకునేదాన్ని.

నేను ఆఫీసులో పడిపోవడానికి కొద్దిరోజుల ముందు, మధ్యాహ్నానికి రావలసిన మా ఆయన సాయంత్రమైనా రాలేదు. మిగతా డింగీలన్నీ వచ్చేశాయి. నేనూ, కబురు విని సిప్పీఘాట్ నుంచి వచ్చిన వదినా జంగ్లీఘాట్ జెట్టీకి వెళ్ళాం. అక్కడ డ్యూటీలో ఉన్న పోలీసు మంచివాడే. వైర్‌లెస్ చేతిలో పట్టుకుని నన్ను అడిగాడు.

“కిస్ తరఫ్ గయా థా, దీదీ?”

ఏ వైపు వెళ్ళాడు? ఉత్తరమా, దక్షిణమా? వెతకడానికి బోటు సిద్ధంగా ఉంది. మనుషులు సిద్ధంగా ఉన్నారు. ఒక్క దిక్కు చెబితే చాలు. నేను వదిన వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసింది. అతను మళ్ళీ అడిగాడు. ఏదో రహస్యం దాస్తున్నాననుకున్నాడు పాపం. నా దగ్గర రహస్యమే ఉంటే అతని కాళ్ళ మీద పడి చెప్పేదాన్ని. ఇరవై ఏళ్ళు ఒక మంచం మీద పడుకున్న మనిషి ఏ దిక్కుకు వెళ్ళాడో నాకు తెలియదు.

మర్నాడు ఎండెక్కాక ఇంకో డింగీ వెనక తాడుతో కట్టించుకుని వచ్చాడు. ఇంజను చచ్చిందట. కొట్టుకుపోతుంటే దారిన పోయేవాళ్ళు చూశారట. అదృష్టం అన్నారు అందరూ. వదిన కొబ్బరికాయ కొట్టింది. సాయంత్రం మా ఇంట్లో చేపల పులుసు, నవ్వులు. ఆ రాత్రి గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. గండం గడిచాక దాన్ని తలుచుకోకూడదు, అది ఇంకో సూత్రం. ఇంజను బాగు చేయించుకుని ఆయన మళ్ళీ “వస్తా” అన్నాడు, నేను మళ్ళీ తల ఊపాను. ఆ వారంలోనే స్టాంపు ప్యాడ్ మీద చెయ్యి పడింది.

నాకు కావలసింది నిమ్మగడ్డి కాదు, మంచు గడ్డీ కాదు. ఆయన ఏ పక్కకు వెళ్తున్నాడో నాకు తెలియాలి. ఇంకోసారి ఎవరైనా వైర్‌లెస్ పట్టుకుని అడిగితే నా దగ్గర జవాబుండాలి. అది దొరక్కపోతే ఏదో ఒక రోజు ఆయన సముద్రం మీద పోతాడు, నేను జెట్టీ మీద పోతాను. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే, రోజూ పొద్దున్న పరగడుపున అర గ్లాసు కుళ్ళు నీళ్ళు మింగేదాన్ని. ఎందుకంటే అడగడం కంటే మింగడం సులువు. నా మీద నాకే రోత పుట్టేది.

వదిన మా ఇంట్లోనే మకాం పెట్టింది, నేను మింగేదాకా ఎదురుగా నిలబడటానికి. మా ఆయన కూడా రోజూ వచ్చీ రాగానే అదే ప్రశ్న. “మందు తాగేవా?” సముద్రం మీద రోజంతా ఉండి వచ్చిన మనిషికి నాతో చెప్పడానికి అంతకంటే మాట లేదు.

ఒక పొద్దున్న వదిన కొత్త సీసా తెరిచింది. పాతదాని కంటే బాగా ఊరిందని మురిసిపోయింది కూడా. ఆయన పెట్రోలు డబ్బా ఎత్తుకున్నాడు. బయట గాలి కొబ్బరాకుల్ని ఒక పక్కకే దువ్వుతోంది. అలాంటి గాలి చూస్తే నాకు చెప్పలేని దిగులు. గ్లాసు ఎత్తి మింగాను. ఆయన గుమ్మం దగ్గరికి వచ్చి “వస్తా” అన్నాడు. తల ఊపుదామని ముందుకు వచ్చాను. తల ఊగింది గాని, దాంతోపాటు నోనీ కూడా పైకి వచ్చేసింది. సరిగ్గా గుమ్మంలో, ఆయన కాళ్ళ ముందు, భళ్ళున కక్కాను. నల్లటి నీళ్ళు గడప మీద నుంచి మెట్ల మీదికి జారాయి. లోపలికి వెళ్ళినప్పుడు ఏ కంపో, బయటికి వచ్చినప్పుడూ అదే కంపు. అంత నిలకడైన పదార్థాన్ని నేను ఇంకొకటి చూడలేదు.

“ఓలమ్మో!” అని వదిన నెత్తి మీద చేతులు పెట్టుకుంది. “బయల్దేరేటప్పుడు గుమ్మంలో కక్కీసిందిరా! ఇంకేటి ఏట, ఇంకేటి సేప!”

నేను నైటీ అంచుతో మూతి తుడుచుకున్నాను. నిండా మునిగినవాడికి చలేమిటి? శకునం ఎలాగూ చెడింది. ఇంక చెడగొట్టడానికి ఏం మిగిలింది?

“ఎక్కడికి మావా?” అన్నాను.

వదిన చేతులు నెత్తి మీద నుంచి జారిపోయాయి. నా వైపు చూసిన చూపు, గుమ్మంలో ఉన్నదాని వైపు చూసిన చూపూ ఒకటే.

“దీనికి మతి పోయింది,” అంది. “ఒరే తమ్ముడా, దీనికి నిజింగానే మతి పోయింది.”

మా ఆయన డబ్బా కింద పెట్టాడు. పెరటి వైపు నుంచి లోపలికి వచ్చి, పద్ధతి ప్రకారం కాళ్ళు కడుక్కుని, నేల మీద కూర్చుని, మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చాను. సగం తాగి చెంబు పక్కన పెట్టాడు.

“రట్లాండ్ దీవి ఎనక్కి,” అన్నాడు. “ఆ రోజూ అటే ఎల్లేను.”

వదిన చెవులు మూసుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

ఆయన నేల చూస్తూనే చెప్పాడు. “ఇంజను ఆగిపోనాక సీకటి పడింది. ఎవులైనా ఎతుకుతార్లే అనుకున్నాను. నానిక్కడున్నానని ఎవులికి తెల్సు అని ఒక్కొక్కల్నీ తల్సుకుంటా వొచ్చేను. అక్కకి తెల్దు. జెట్టీలోవోల్లకి తెల్దు. నీకాడికొచ్చి ఆగేను. దీనికీ తెల్దు గదా అనిపించింది. అప్పుడేసిందే భయం. అంతవొరకూ నేదు.”

నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. ఇంత భయాన్ని లోపల పెట్టుకుని, ఈ మనిషి రోజూ వచ్చి మందు తాగావా అని అడిగాడు గాని, ఈ ఒక్క మాట చెప్పలేదు! “మరి చెప్పొచ్చు కదా,” అని అరిచాను. “నువ్వడగనేదు గదా,” అన్నాడు. నిజమే. అడగనివ్వనిదెవరో, చెప్పనివ్వనిదెవరో ఆ ఇంట్లో వేలు పెట్టి చూపించడానికి ఒక్క మనిషి లేడు. మిగిలిన నీళ్ళు తాగి ఆయన లేచి వెళ్ళాడు. నేను బకెట్‌తో నీళ్ళు తెచ్చి గుమ్మం కడిగాను.

ఆ రోజు వేట మామూలుగానే పడింది.

ఇప్పుడు ముందు రోజు అన్నాల దగ్గరే అడుగుతాను. బయలుదేరేటప్పుడు కదా అడగకూడదు, అన్నం దగ్గర తప్పేముంది అని ఆయనే దారి కనిపెట్టాడు. ముద్ద కలుపుతూ చెబుతాడు, నేను ఇంకెవరికీ చెప్పను. డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను, ఈసారి ఒక్కదాన్నే. దేని గురించి భయమో చెప్పాను. దడ పూర్తిగా పోలేదు. గాలి తిరిగితే ఇప్పటికీ వేళ్ళు చల్లబడతాయి. కానీ కుర్చీలోంచి జారడం లేదు. పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి టీ తాగుతున్నాను.

మా వదిన లెక్క వేరు. “కక్కీసింది గదా, లోపలున్న పాడంతా ఒక్క దెబ్బకి కడిగీసింది,” అని జంగ్లీఘాట్ అంతా తిరిగి చెప్పింది. నన్ను నలుగురికీ చూపించింది. సిప్పీఘాట్ నుంచి బస్సులో సీసాలు వస్తూనే ఉన్నాయి. కాదని నేను ఒకరిద్దరికి చెప్పబోయాను. మందు పనిచేసినవాళ్ళే అలా అంటారని నవ్వారు.

మొన్న మధ్యాహ్నం చూస్తుండగా గాలి లేచింది. డింగీలు రాలేదు. ఆఫీసులో చెప్పి జెట్టీకి వెళ్ళాను. ఆడవాళ్ళు అప్పటికే చేరారు. గుండె కొట్టుకుంటోంది, వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. డ్యూటీలో ఉన్న పోలీసు వైర్‌లెస్ పట్టుకుని నా దగ్గరికి వచ్చి అదే ప్రశ్న అడిగాడు.

“రట్లాండ్ వెనక. దక్షిణపు కొస,” అన్నాను. అతను అదే మాట వైర్‌లెస్‌లో చెప్పాడు. ఇంత చిన్న పని.

నా పక్కన ఒక చిన్నపిల్ల నిలబడి ఉంది. కిందటేడే పెళ్ళయి మా వాళ్ళింటికి కోడలిగా వచ్చింది. పోలీసు ఆ అమ్మాయి వైపు తిరిగాడు. “ఔర్ ఆప్‌కా ఆద్మీ?” మరి మీ ఆయన ఎటు అని.

ఆ పిల్ల నోరు తెరిచింది. మాట రాలేదు. కంపు వచ్చింది. పెరుగు గిన్నె, కక్కిన పాలు, తడి బూట్లు. జెట్టీ మీద డీజిలూ చేపలూ అన్నీ ఉండగా, వాటిని తోసుకుని నా ముక్కుకి అదే తగిలింది. నాకు రోత పుట్టింది, ఈసారి నోనీ మీద కాదు.

“తెల్దు భయ్యా,” అంది ఆ పిల్ల చివరికి.

సాయంత్రానికి డింగీలు ఒక్కొక్కటే వచ్చాయి. మా ఆయనది ముందు వచ్చింది. ఆ పిల్ల మొగుడిది అన్నిటికంటే ఆఖరున వచ్చింది. అతను తాడు విసిరి, నవ్వుతూ పైకి ఎక్కి, ఆమె చేతికి చేపల బుట్ట ఇచ్చి ముందు నడిచాడు. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపాను.

“ఈ పూట అన్నం దగ్గర అడుగు,” అన్నాను. “రేపు ఏ పక్కకెళ్తావని అడుగు.”

“అడక్కూడదు గదా దీదీ,” అంది, చున్నీతో నోరు తుడుచుకుంటూ. “అయినా నాకిప్పుడు పరవానేదు. మీ వదిన మందు తాగతన్నాను.”